ఆఫీసు గోడ దాటితే మెయిల్ ఎందుకు పోదు?

"మామా, మెయిల్ పోతలేదు. వచ్చేటియన్నీ వస్తున్నయి, నేను పెట్టింది ఒక్కటి పోతలేదు."

రెండేళ్ల కిందట రేగొండలో మా అక్క బిడ్డ డాబా మెట్లు దిగుతూ అన్న మాట ఇది. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. ఇంట్లో పెళ్లి ఉంటే, వారం రోజులు ఊరి నుంచే పని చేస్తానని మేనేజరును ఒప్పించుకుని వచ్చింది. ల్యాప్‌టాప్ ఆఫీసుది, నెట్ తన ఫోన్ హాట్‌స్పాట్‌ది. పొద్దున్నుంచి మెయిళ్లు టపటపా దిగుతున్నాయి. తను పంపాల్సిన ఇన్‌వాయిస్ మాత్రం అవుట్‌బాక్స్‌లో కూర్చుని కదలడం లేదు. సిగ్నల్ తక్కువుందేమోనని డాబా ఎక్కింది, పిట్టగోడ మీద ఫోన్ పెట్టింది, చివరికి వాటర్ ట్యాంకు పక్కన కూడా పెట్టి చూసింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే "నీ దగ్గర నెట్ బాగలేదమ్మా, హనుమకొండ పోయి పంపు" అన్నారట.

"నెట్ బాగలేకుంటే వచ్చేటియి ఎట్ల వస్తున్నయి బిడ్డా?" అని ల్యాప్‌టాప్ తీసుకున్నాను. కింద మూలన ఎర్ర గుర్తు. నొక్కితే ఒక నంబరు, రెండు మాటలు: 550, రిలేయింగ్ డినైడ్.

ఆఫీసుల్లో మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా బతుకుదెరువు. ఈ రెండు మాటలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 'నువ్వెవరో నాకు తెలియదు, నీ ఉత్తరం నేను మోయను' అని వాటి అర్థం. సర్వర్ నిజమే చెబుతోంది. నిన్నటిదాకా అది ఆ పిల్లను కూర్చున్న చోటును బట్టి గుర్తుపట్టింది, చోటు మారగానే పరాయిదాన్ని చేసింది. ఆఫీసు బయటి నుంచి మెయిల్ పంపడంలో ఉన్న చిక్కుల్లో సగానికి సగం ఇక్కడే పుడతాయి. నెట్‌ను తిట్టి, ఊరిని తిట్టి లాభం లేదు.

మెయిల్ వచ్చే దారి, పోయే దారి ఒకటి కావు. వచ్చే దారికి మొదటి నుంచీ పాస్‌వర్డు ఉంది. ఒకరి డబ్బాలోని ఉత్తరాలు ఇంకొకరికి చూపించకూడదు కదా. పోయే దారి పేరు ఎస్‌ఎమ్‌టీపీ. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ దానికి రాసిన నియమావళి, ఆర్‌ఎఫ్‌సీ 821, తిరగేస్తే పాస్‌వర్డు అడిగే ఘట్టమే కనపడదు. పంపేవాళ్లు తమ పేరు తామే చెప్పుకుంటారు, సర్వర్ నమ్ముతుంది. అప్పటికి నెట్‌వర్క్ మొత్తానికి ఉన్నవి కొన్ని వందల యంత్రాలు, అవీ విశ్వవిద్యాలయాలవి, పరిశోధన సంస్థలవి. ఎవరి ఉత్తరం వచ్చినా అందుకుని ముందుకు తోసేవారు. మా దిక్కు పట్నంలో చదువుకునే పిల్లలకు పచ్చడి డబ్బా పంపాలంటే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి "బస్టాండుల మావోడు దీసుకుంటడన్నా" అనేవాళ్లు. టికెట్టూ లేదు, రసీదూ లేదు. ఇంటర్నెట్ మెయిల్ మొదటి పదిహేనేళ్లు ఇంచుమించు ఇలాగే నడిచింది. ఆ పద్ధతికి ఓపెన్ రిలే అని పేరు.

పచ్చడి డబ్బాల మధ్య దొంగసరుకు ఎక్కాక డ్రైవర్లు సంచి ముట్టుకోవడం మానేస్తారు. అనుకోకుండా వచ్చిపడే వ్యాపార మెయిల్ కొత్తేమీ కాదు. 1978 మే 3నే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీకి చెందిన గ్యారీ థ్యుర్క్ అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి తిట్లు తిన్నాడు. అసలు బెడద 1990లలో మొదలైంది. ఊరూపేరూ లేని వ్యాపారులు పరాయి సర్వర్లలోకి ఒక ఉత్తరం, లక్ష అడ్రసులు తోసి చేతులు దులుపుకునేవాళ్లు. మోత సర్వర్ యజమానిది, తిట్లూ ఆయనకే. 1997లో పాల్ విక్సీ మొదలుపెట్టిన బ్లాక్‌లిస్టు అలాంటి సర్వర్ల అడ్రసులను వెలివేయడం మొదలుపెట్టింది. అప్పటి మెయిల్ రవాణాలో పెద్ద వాటా మోసే సెండ్‌మెయిల్ అనే సాఫ్ట్‌వేరు 1998లో వచ్చిన 8.9 వెర్షన్ నుంచి పరాయి ఉత్తరాలు మోయడాన్ని తనంతట తానే ఆపేసింది.

ఇక్కడ ఒక మొండిమనిషి గురించి చెప్పుకోవాలి. సన్ మైక్రోసిస్టమ్స్ తొలి ఉద్యోగుల్లో ఒకడు, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వ్యవస్థాపకుల్లో ఒకడు అయిన జాన్ గిల్మోర్ తన ఇంటి సర్వర్‌ను కావాలనే తెరిచి ఉంచాడు. దేశాలు తిరిగే నా స్నేహితులు ఎక్కడున్నా నా సర్వర్ గుండా మెయిల్ పంపుకోవాలి, దాన్ని మూయమనే హక్కు మీకెక్కడిది అని వాదించాడు. 2001 ప్రాంతంలో ఆయన నెట్ కంపెనీ వెరియో ఒప్పందం చూపించి ఆయన మెయిల్ దారి మూసింది. గిల్మోర్ అడిగిన అవసరం న్యాయమైనదే. రేగొండ డాబా మీద మా పిల్లకు కావలసింది కూడా అదే. ఆయన పట్టుకున్న మార్గం మాత్రం లోకం భరించలేనిది.

తలుపులు మూశాక 'మనవాళ్లు ఎవరు' అనే ప్రశ్న వచ్చింది. సర్వర్‌కు దొరికిన తేలిక గుర్తు ఐపీ అడ్రసు. ఆఫీసు లోపలి అడ్రసుల నుంచి వస్తే తీసుకో, బయటి నుంచి వస్తే పొమ్మను. ఒక్క గీతతో రాసే నియమం. డెస్క్‌టాప్ కంప్యూటర్లు బల్లకు అతుక్కుని ఉన్నన్నాళ్లు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆఫీసు గోడే గుర్తింపు కార్డయింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మనిషి గోడ దాటిన రోజు ఆ కార్డు గోడతోపాటే వెనక ఉండిపోయింది. మా అక్క బిడ్డ కంపెనీ సర్వర్‌లో ఇలాంటి గీతే ఉంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

ఈ చిక్కుకు మొదట్లో వచ్చిన మందులు నవ్వు తెప్పిస్తాయి. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ తెరిచిన తర్వాత, డయలప్ కాలంలో, ప్రయాణంలో ఉన్నవాళ్లు ఎక్కడ నెట్ పట్టుకుంటే అక్కడి కంపెనీ సర్వర్ పేరు తమ మెయిల్ సెట్టింగులో మార్చుకునేవాళ్లు. ఊరు మారితే సెట్టింగు మార్చాలి, ఇంటికొచ్చాక మళ్లీ మార్చాలి. ఇంకో ఉపాయం, ముందు మెయిల్ దింపుకో, తర్వాత పంపుకో అనేది. దింపుకోవడానికి పాస్‌వర్డు ఇచ్చావు గనక, అదే ఐపీ అడ్రసు నుంచి ఓ అరగంట సేపు నువ్వేం పంపినా తీసుకుంటాను అని సర్వర్ ఒప్పుకునేది. తెలివైన పద్ధతే. ఇప్పుడు వాడితే మాత్రం కొంప మునుగుతుంది. మొబైల్ కంపెనీలు ఒక పబ్లిక్ అడ్రసును ఎంతోమంది చందాదారులకు కలిపి పంచుతాయి. మీరు మెయిల్ దింపుకున్న అరగంటా, అదే అడ్రసు వెనకున్న ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ మీ ఆఫీసు సర్వర్ తలుపు తెరిచినట్టే.

సరైన మందు 1998, 1999లలో మూడు నెలల తేడాతో వచ్చింది. 1998 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2476 ఉత్తరం అప్పగించడాన్ని, ఉత్తరం రవాణా చేయడాన్ని విడదీసింది. 1999 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2554 పంపేవాళ్ల పాస్‌వర్డు అడిగే మర్యాద నేర్పింది. అంటే పోస్టెల్ వదిలేసిన ఘట్టం పదిహేడేళ్లకు పూర్తయింది.

ఈ విడదీయడం అర్థమైతే మిగతాదంతా తేలిక. రేగొండ పోస్టాఫీసులో కవరు ఇవ్వడం ఒక పని. సీలు వేసిన సంచి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోవడం వేరే పని. సంచులు దిగే చోటికి మనం విడి కవరు పట్టుకుని పోతే ఎవరూ తీసుకోరు. మెయిల్ సర్వర్‌కు నంబర్లు వేసిన తలుపులుంటాయి, వాటిని పోర్టులంటారు. 25వ నంబరు సంచుల తలుపు, సర్వర్లు సర్వర్లతో మాట్లాడుకునేది. 587 మనలాంటి వాళ్లు కవరు తెచ్చి ఇచ్చే తలుపు. అక్కడ పేరు, పాస్‌వర్డు చూపించాలి. చూపిస్తే మీరు రేగొండలో ఉన్నారా, రియాద్‌లో ఉన్నారా అని అడగదు. మూడోది 465. దీని జాతకం విచిత్రం. 1997లో నంబరు కేటాయించారు, కొద్దికాలానికే రద్దు చేశారు, అయినా జనం వాడుతూనే ఉన్నారు, చివరికి 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. రెంటికీ తేడా ఇంతే: 465లో మొదటి మాట నుంచే సంభాషణకు తాళం పడుతుంది, 587లో ముందు పలకరించి తర్వాత తాళం వేస్తారు. ఏది ఇచ్చినా పర్వాలేదు. ఇరవై ఏళ్ల పాటు సాఫ్ట్‌వేరు కంపెనీలు ఈ రెంటి మధ్య జనాన్ని తికమక పెట్టినందుకు మాత్రం నాకు కోపం ఉంది.

బయటి నుంచి 25 వాడితే సరైన పాస్‌వర్డు ఇచ్చినా దెబ్బ తినే అవకాశమే ఎక్కువ. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు రాత్రంతా చెత్త మెయిల్ కక్కుతుంటే విసిగిపోయిన నెట్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్ల నుంచి ఆ తలుపు వైపు పోయే దారిని చాలాచోట్ల మూసేశాయి. మూయని చోట స్పామ్‌హాస్ లాంటి సంస్థల జాబితాలు కాపు కాస్తాయి. ఇంటి కనెక్షన్లకు, మొబైల్ ఫోన్లకు పంచే అడ్రసుల నుంచి నేరుగా సర్వర్ మెయిల్ రాకూడదు అనేది వాటిలో ఒక జాబితా ఉద్దేశం. మీ తప్పేమీ లేకుండానే మీ హాట్‌స్పాట్ అడ్రసు అందులో ఉంటుంది. దాన్ని చూసి 'నన్ను బ్లాక్‌లిస్టులో పెట్టారు' అని బెంగపడిన వాళ్లను చూశాను. బెంగ అక్కర్లేదు. సంచుల తలుపు దగ్గర కవరు పట్టుకుని నిలబడ్డారంతే, పక్క తలుపుకు పోవాలి.

మా పిల్ల ల్యాప్‌టాప్‌లో 25 తీసి 587 పెట్టాను. పనిచేయలేదు. ఆఫీసు వాళ్లు ఆ తలుపు బయటి వాళ్లకు తెరవనేలేదు. "మరి ఎట్ల మామా, సాయంత్రం లోపల పోవాలె" అంది. ఆ కంపెనీ మెయిల్‌కు బ్రౌజర్లో తెరుచుకునే పేజీ ఒకటి ఉందని, అది తనకెవరూ చెప్పలేదని అప్పుడు తేలింది. పది నిమిషాల్లో ఇన్‌వాయిస్ వెళ్లిపోయింది. వెబ్‌మెయిల్‌లో మీరు వాడేది మామూలు వెబ్ దారి. అసలు ఎస్‌ఎమ్‌టీపీ మొదలయ్యేది ఆఫీసు సర్వర్ దగ్గరే గనక ఈ తలుపుల గోలంతా లేదు. సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జులై 4న హాట్‌మెయిల్ తెరవడానికి కారణం దీనికి సరిగ్గా తిరగేసిన కథ. వాళ్లిద్దరూ ఆఫీసు లోపల ఉన్నారు, కంపెనీ ఫైర్‌వాల్ వాళ్ల సొంత మెయిల్‌ను అందనివ్వలేదు. బ్రౌజర్లో మెయిల్ చూస్తే గోడ అడ్డం రాదు కదా అన్న ఊహ అక్కడ పుట్టింది. గోడకు అవతల ఉన్నవాళ్లకు, ఇవతల ఉన్నవాళ్లకు ఒకే కిటికీ పనికొచ్చింది.

పెద్ద కంపెనీలు దీనికి చెప్పే జవాబు వీపీఎన్. నెట్ మీదుగా ఒక సొరంగం తవ్వి మీ ల్యాప్‌టాప్‌ను ఆఫీసు గోడ లోపలికి తెచ్చినట్టు చేయడం. మన ప్రభుత్వానికి కూడా చాలాకాలం ఇదే పట్టుదల. కాల్‌సెంటర్లు, బీపీఓల మీద టెలికాం శాఖ పెట్టిన ఓఎస్‌పీ నిబంధనల ప్రకారం అప్పట్లో ఉద్యోగి ఇంటి నుంచి పనిచేయాలంటే లైసెన్సున్న కంపెనీ ఇచ్చే వీపీఎన్ ఉండాలి, సంస్థ కోటి రూపాయల పూచీకత్తు కట్టాలి. ఇంటి నుంచి పని చేయడానికి కోటి! 2020 జనవరి 7న మా వరంగల్ మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ఆర్భాటంగా తెరుచుకున్నాయి, ఇక మా పిల్లలు హైదరాబాదు పోనక్కర్లేదని సంతోషించాం. రెండు నెలలకే కరోనా వచ్చి అన్ని ఆఫీసులూ మూతపడ్డాయి. 2020 మార్చి 13న టెలికాం శాఖ ఆ షరతులను తాత్కాలికంగా సడలించింది, గడువు పొడిగిస్తూ పోయింది, నవంబరు 5న కొత్త మార్గదర్శకాలతో పూచీకత్తును తీసిపారేసింది. ఎక్కడి నుంచైనా పని అనే మాట సర్కారు కాగితం ఎక్కింది అప్పుడే.

వీపీఎన్ మంచిదే. ఆఫీసు ఫైళ్లు, అకౌంట్స్ సాఫ్ట్‌వేరు, లోపలి డేటాబేసు చూడాలంటే అది ఉండాల్సిందే. ఒక్క మెయిల్ పంపడానికి దాన్ని తప్పనిసరి చేయడం మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. టవర్ సిగ్నల్ ఊగిసలాడే చోట సొరంగం నిమిషానికోసారి కూలుతుంది, మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. సొరంగం నిలబడ్డా ఇంకో తంటా ఉంది. వీపీఎన్ ప్రతి పొట్లానికీ తన కాగితం ఒకటి అదనంగా చుడుతుంది. పొట్లం లావై దారిలో ఎక్కడో ఇరుక్కుంటుంది. రెండు లైన్ల మెయిల్ పోతుంది, అటాచ్‌మెంట్ పెట్టింది మధ్యలో ఆగి కూర్చుంటుంది. వీపీఎన్ సెట్టింగులో పొట్లం కొలత, అంటే ఎమ్‌టీయూ, కాస్త తగ్గిస్తే నయమయ్యే జబ్బు ఇది. ఈ సంగతి తెలియని ఐటీ వాళ్లు 'నెట్ మార్చుకో' అంటారు. ఊళ్లో నెట్ ఏమన్నా చొక్కానా మార్చుకోవడానికి?

ఊళ్లో నెట్ సంగతి కూడా చెప్పాలి, అంతా సర్వర్ల మీదికే తోసేయడం న్యాయం కాదు. రేగొండ 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. పరకాల నుంచి భూపాలపల్లి పోయే రోడ్డు మీద ఊరు గనక టవర్లకు కొదువ లేదు. రోడ్డు దిగి పాండవుల గుట్ట వైపు పోతే ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. గ్రామ పంచాయతీలకు ఫైబర్ తెస్తామని కేంద్రం 2011లో మంజూరు చేసిన పథకం భారత్‌నెట్ పేరుతో నడుస్తోంది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కాలవల్లోనే టీ ఫైబర్ తీగ వేసి 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో ఇళ్లకు ఇచ్చి చూశారు. తీగ ఇంటిదాకా వచ్చేవరకు పల్లెలో ఆఫీసు పని ఫోన్ హాట్‌స్పాట్ మీదే.

హాట్‌స్పాట్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. టవర్ పదుల వాట్ల శక్తితో అరుస్తుంది. మీ ఫోన్ జవాబు చెప్పేది మహా అయితే 0.2 వాట్లతో. టవర్ మాట మీకు వినపడుతుంది, మీ గొంతు టవర్‌కు అందదు. అందుకే అంచు ప్రాంతాల్లో వీడియోలు ఆడతాయి, ఫోటో పంపడానికి మాత్రం పది నిమిషాలు పడుతుంది. దీనికి తోడు మెయిల్‌కు మరో బరువు. అటాచ్‌మెంట్‌ను మెయిల్ ఉన్నదున్నట్టు మోయలేదు, అక్షరాలుగా మార్చి మోస్తుంది. ప్రతి మూడు బైట్లకు నాలుగు అక్షరాలవుతాయి. 15 ఎంబీ ఫైలు దారిలో 20 ఎంబీ. కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతర రోజున టవర్ మీద జనమంతా పడితే ఆ 20 ఎంబీ తెల్లవారుజామున తప్ప కదలదు. ఫైలును ఆఫీసు డ్రైవ్‌లో పెట్టి లింకు పంపితే మెయిల్ తేలికవుతుంది. పైగా మధ్యలో తెగినా ఎక్కింపు ఆగిన చోట నుంచే సాగే ఏర్పాటు చాలా డ్రైవ్‌లలో ఉంటుంది. మెయిల్‌కు ఆ ఓపిక లేదు, మొదటికొస్తుంది.

అంటే 'వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోవడం లేదు' అనే ఒకే లక్షణానికి రెండు రోగాలున్నాయి. తేడా కనిపెట్టడం కష్టం కాదు. అటాచ్‌మెంట్ లేకుండా ఒక్క ముక్క రాసి పంపండి. అదీ వెంటనే తిరిగొచ్చి ఎర్రగా ఏదో చెబితే తలుపు సమస్య, ఆఫీసు వాళ్లతో మాట్లాడాలి. ముక్క పోయి ఫైలు ఆగితే సిగ్నల్ సమస్య, లేదంటే వీపీఎన్ పొట్లం సమస్య. ఏ జవాబూ లేకుండా చాలాసేపు తిరిగి తిరిగి టైమవుట్ అంటే దారిలో ఎవరో ఆ పోర్టును మూశారని అనుమానించాలి. వేరే కంపెనీ సిమ్ పెట్టి ఒక్కసారి చూస్తే తేలిపోతుంది.

పంపినట్టు చూపించినా చేరని మెయిళ్లది ఇంకో పురాణం. ఆఫీసు సర్వర్ ఒప్పుకోకపోతే కొందరు తెలివిగా తమ జీమెయిల్ సర్వర్ ద్వారానో, ఇంకేదో ఉచిత సర్వర్ ద్వారానో ఆఫీసు అడ్రసు పేరుతో పంపుతారు. ఒకప్పుడు పోయేది. ఇప్పుడు అవతలి సర్వర్ మూడు సంగతులు చూస్తుంది. ఈ కంపెనీ పేరుతో మెయిల్ పంపే సర్వర్లు ఇవే అని కంపెనీ ముందే ప్రకటించిన జాబితా ఎస్‌పీఎఫ్. ఉత్తరం మీద కంపెనీ వేసిన, ఎవరూ దొంగిలించలేని ముద్ర డీకిమ్. ఆ రెండూ తప్పితే ఏం చేయాలో కంపెనీ చెప్పే మాట డీమార్క్, ఇది 2012లో వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూలు కనీసం మొదటి రెంటిలో ఒకటైనా లేని మెయిల్‌ను గడప తొక్కనివ్వమన్నాయి. రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు మూడూ ఉండాల్సిందే. ఈ కట్టడి ఊరి నుంచి పనిచేసే వాళ్లకు మేలే చేసింది. ముద్ర వేసేది, జాబితాలో ఉన్నది ఆఫీసు సర్వర్ గనక, మీ మెయిల్ దాని గుండా పోతే చాలు, మీరెక్కడున్నా ఫరవాలేదు. దొడ్డిదారులు మాత్రం మూసుకుపోయాయి.

సొంత జీమెయిల్ నుంచే ఆఫీసు పని కానిచ్చేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, అన్నిటికన్నా ఎక్కువగా కనపడే అలవాటు కూడా. దానికి సర్కారు ఆఫీసులే గురువులు. ఎన్నో మండల ఆఫీసుల బోర్డుల మీద, లెటర్‌హెడ్ల మీద జీమెయిల్ అడ్రసులే కనపడతాయి. ప్రైవేటు మెయిల్ సేవల్లో అధికారిక ఉత్తరాలు నడపరాదని కేంద్రం 2015లోనే ఈమెయిల్ విధానం తెచ్చింది. జీమెయిల్ వాడే అధికారి బదిలీ అయితే పాస్‌వర్డు ఆయనతో పోతుంది, మూడేళ్ల ఉత్తరాలూ పోతాయి. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ మెయిల్ ఉన్నవాళ్లకు కవచ్ అనే రెండో తాళం పెట్టారు. 2022లో ఆ యాప్ పేరుతోనే నకిలీ ఇన్‌స్టాలర్లు చేసి ఉద్యోగులకు ఎర వేసిన సంగతి సిస్కో టాలోస్ లాంటి భద్రతా బృందాలు బయటపెట్టాయి. తాళం కొనడానికి పోయినవాడికి దొంగే తాళం అమ్మాడన్నమాట. దాదాపు 12 లక్షల కేంద్ర ఉద్యోగుల మెయిల్ ఖాతాలు జోహో వేదిక మీదికి మారాయని 2025 అక్టోబరులో వార్తలొచ్చాయి. ఆ జోహో వ్యవస్థాపకుల్లో ఒకరైన శ్రీధర్ వెంబు తమిళనాడు తెన్‌కాశి దగ్గర పల్లెలో ఉండి కంపెనీని నడిపిన మనిషి.

తాళాల సంగతి వచ్చింది గనక, ఒట్టి పాస్‌వర్డు రోజులు పోతున్నాయి. 2022లో గూగుల్ మే నెలాఖరుకు, మైక్రోసాఫ్ట్ అక్టోబరు నుంచి, పాస్‌వర్డు ఒక్కటే అడిగే పాత పద్ధతుల్లో చాలావాటిని ఆపేశాయి. పదేళ్ల నాటి మెయిల్ సాఫ్ట్‌వేరు పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లు ఒక్కసారిగా మూగబోయాయి. రెండో తాళంగా చాలా ఆఫీసులు ఎస్‌ఎమ్‌ఎస్ ఓటీపీ పెడతాయి. సిగ్నల్ అందని ఇంట్లో అది ఓ నరకం. ఓటీపీ కోసం వాకిట్లోకి ఉరికి, లోపలికొచ్చి కొట్టేలోపు గడువు అయిపోతుంది. ఫోన్‌లోనే 30 సెకన్లకోసారి అంకెలు పుట్టించే ఆథెంటికేటర్ యాప్‌కు సిగ్నలే అక్కర్లేదు, ఫోన్ గడియారం సరిగ్గా ఉంటే చాలు. పల్లె నుంచి పని చేసేవాళ్లు ఆఫీసును పట్టుబట్టి అడగాల్సింది దీన్ని.

బస్టాండు వైఫై, హోటల్ వైఫై గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. 465 గానీ, తాళం తప్పనిసరి చేసిన 587 గానీ వాడుతున్నప్పుడు మధ్యలో వైఫై ఎవరిదైనా ఉత్తరం చదవలేరు. సర్టిఫికెట్ సరిగ్గా లేదని ల్యాప్‌టాప్ హెచ్చరిస్తే మాత్రం 'ఓకే' నొక్కకండి, ఆ ఒక్క నొక్కుతో తాళం మీరే ఊడదీసినట్టు. నేను నిజంగా భయపడేది జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు. పనిచేయని హాట్‌స్పాట్‌ను తిట్టుకుంటూ సెంటర్లోని షాపుకెళ్లి, వాళ్ల కంప్యూటర్లో ఆఫీసు మెయిల్ తెరిచి, ఫైలు అందులో దించి, మళ్లీ ఎక్కించి, లాగవుట్ చేయడం మరిచి వచ్చేవాళ్లున్నారు. ఆ షాపు డెస్క్‌టాప్ మీద ఎవరెవరివో ఆధార్ కాపీలు, పట్టా పాస్‌పుస్తకాల పేజీలు వరుసగా పేర్చి ఉంటాయి. మీ కంపెనీ జీతాల పట్టిక కూడా వాటి పక్కనే చేరుతుంది.

ఇన్ని చెప్పాక నా తీర్పు. చిన్న కంపెనీలు మెయిల్‌కు వీపీఎన్ పెట్టొద్దు. పాస్‌వర్డు, రెండో తాళంతో 465 లేదా 587 బయటి లోకానికి తెరవాలి, 25ను సర్వర్లకు వదిలేయాలి, వెబ్‌మెయిల్ చిరునామాను కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఇవ్వాలి. సర్వర్ పేరు, పోర్టు నంబరు, ఏ తాళం ఎంచుకోవాలో ఒక అరపేజీలో తెలుగులో రాసి ఇస్తే ఐటీ వాళ్లకు వచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి. ఇందులో వేటికీ కోటి రూపాయలు అక్కర్లేదు. చాలావరకు ఒక మధ్యాహ్నం పని. మా పిల్ల కంపెనీ వాళ్లు ఆ పెళ్లి అయిన నెలకు 587 తెరిచారు. అదీ మేనేజరు స్వయంగా తిరుపతి పోయి, అక్కడి గదిలోంచి మెయిల్ పోక చిక్కుకున్నాక.

బతుకమ్మకో, సంక్రాంతికో ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికి బయల్దేరే వాళ్లకు ఒక మాట. బయల్దేరే రోజు ఆఫీసులో కూర్చునే ల్యాప్‌టాప్‌కు వైఫై ఆపి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, బయటి వాళ్లెవరికైనా ఓ చిన్న ఫైలుతో మెయిల్ పెట్టి చూడండి. పోకపోతే అక్కడే ఐటీ వాళ్ల సీటు దగ్గరికి నడవండి. మీరు బస్సెక్కాక వాళ్లు ఫోనెత్తరు.